స్టెప్పులు లేని జవాబు

పాలు పొంగబోయే క్షణంలో స్టవ్ ఆపడం, కొడుకు ఒంటికాలి మీద నిలబడి రెండో చెప్పు కోసం బల్లకింద తడుముకోవడం, కోడలు కిటికీ దగ్గర నిలబడి తన కళ్ళజోడు తుడుచుకుని వెలుతురుకు ఎత్తి చూసుకోవడం... ఆ ఉదయం ఆ ఇంట్లో అన్నీ రోజూ జరిగేవే జరిగాయి. కొత్తది ఒక్కటే. టీచరమ్మ భోజనాల బల్ల దగ్గర కూర్చుని వరసగా పెన్సిళ్ళు చెక్కుతోంది.

"అమ్మా, క్లాసుకి వెళ్తున్నది నువ్వొక్కదానివా, ఊరందరి తరఫునా?" అన్నాడు కొడుకు, చెప్పు దొరికాక.

"మొన విరిగితే పక్కవాళ్ళని అడగడం నాకు చేతకాదు."

"పెన్సిలొక్కటేనా. ఎవర్నైనా ఏదైనా అడగడమే నీకు చేతకాదు."

కోడలు నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. టీచరమ్మ కూడా నవ్వింది. ఆ మాటలోని నిజం అప్పటికి ముగ్గురిలో ఎవరికీ తగల్లేదు.

ఆమె ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయింది. పిల్లలు చాటున పెట్టుకున్న పేరు ఎర్రపెన్ను. పేపర్లు దిద్దడంలో ఆమెకొక నియమం ఉండేది. జవాబు సరైనదే కావచ్చు, దానికి దారితీసిన స్టెప్పులు కనిపించకపోతే మార్కులు లేవు. "గాలిలోంచి ఊడిపడ్డ జవాబు నాకక్కర్లేదు" అనేది. ఆ నియమం వల్ల బాగుపడ్డ పిల్లలున్నారు, ఇంటికి ఏడుస్తూ వెళ్ళిన పిల్లలూ ఉన్నారు. ఉద్యోగం పోయినా నియమం పోలేదు.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కిందటేడు తనకు నచ్చిన అమ్మాయిని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాడు. ఆమెది వేరే మతం. టీచరమ్మ అడ్డు చెప్పలేదు, సంతకం పెట్టి సాక్షిగా నిలబడింది. కోడలు కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. నెమ్మదస్తురాలు, నవ్వుమొహం. ఆమెకు నెల తప్పిందని తెలిసిన రోజున టీచరమ్మ అక్క ఫోన్లో ఒకే ప్రశ్న అడిగింది. "రేపు పుట్టబోయే బిడ్డకి ఎవరికి దణ్ణం పెట్టమని నేర్పుతావే?" టీచరమ్మ దగ్గర జవాబు లేదు. జవాబు లేని ప్రశ్న ఆమెకు చెప్పులో రాయి లాంటిది. అది తీసేదాకా ఆమె మరో అడుగు వేయలేదు.

అందుకే విశ్వవిద్యాలయం వేసవి సెలవుల్లో పెట్టిన ప్రపంచ మతాల కోర్సులో చేరింది. కోడలి మతాన్ని కోడలికన్నా బాగా తెలుసుకుంటే, పుట్టబోయే బిడ్డను రెండు చేతులతోనూ పెంచవచ్చని ఆమె ఆశ. తన పక్కగదిని బిడ్డకోసమని అప్పటికే ఖాళీ చేయించి, గోడలకు లేత రంగు వేయించింది. ఉద్దేశం మంచిదే. తర్వాత జరిగిన చెడంతా ఆ మంచి ఉద్దేశంలోంచే పుట్టింది కనుక, ఆ సంగతి ముందుగా చెప్పడం న్యాయం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ప్రతి సంధ్యవేళా కోడలు ఒక పాత గాజుగ్లాసుతో నీళ్ళు తెచ్చి ముందుగది కిటికీ గట్టు మీద పెట్టేది. పక్కన కుర్చీ వేసుకుని, ఆ నీళ్ళ వంక చూస్తూ కొంతసేపు కదలకుండా కూర్చునేది. పెదవులు కదిపేది కాదు. మర్నాడు పొద్దున్నే ఆ నీళ్ళు కుండీలో మొక్కకు పోసేది. పెళ్ళై వచ్చిన కొత్తలోనే మొదలైన వరస ఇది. గట్టు చెక్క మీద గ్లాసు అడుగు గుండ్రంగా ముద్రపడింది. ఎప్పుడో గరుకు కాగితంతో రుద్దించాలని టీచరమ్మ అనుకుంటూ ఉండేది.

ఆ యింటి వీధితలుపుకు కింద తాళం, పైన గడియ ఉన్నాయి. తాళం బయటినుంచి కూడా తాళంచెవితో తెరుచుకుంటుంది. గడియ లోపలినుంచే. టీచరమ్మ పడుకోబోయే ముందు తాళం వేసి, గడియ వైపు చూడకుండా వెళ్ళిపోయేది. వచ్చిన కొత్తలో కోడలు గడియ మీద చెయ్యి వేయబోయి, అత్తగారి ముఖం చూసి, చెయ్యి తీసేసింది. ఎందుకని అడగలేదు.

కోర్సు మొదలైంది. మనవల వయసున్న పిల్లల మధ్య టీచరమ్మ మొదటి వరసలో కూర్చునేది. పాఠం చెప్పే ప్రొఫెసరు ఒక్కొక్క మాటనూ తూచి తూచి వదిలే మనిషి. పిల్లలు ఆయనకు నిదానం మాస్టారు అని పేరు పెట్టుకున్నారు. ఆయన కోర్సులో ఒక పద్ధతి ఉంది. వారానికొక ప్రార్థనా స్థలానికి వెళ్ళాలి, వెనక వరసలో కూర్చోవాలి, చూడాలి, రావాలి. మొదటివారమే టీచరమ్మ వెనక వరసనుంచి లేచి వెళ్ళి, ప్రార్థన నడిపించిన పెద్దాయనతో, "మీరు మధ్యలో వంగి లేవాల్సిన చోట ఒకసారి వదిలేశారండీ" అని చెప్పి వచ్చింది.

"ఏమన్నాడు పాపం?" అని అడిగాడు కొడుకు, భోజనం దగ్గర.

"మోకాలి నొప్పమ్మా, ఈమధ్య అది దాటేస్తున్నాను, దేవుడేమీ అనుకోవట్లేదు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"పుస్తకంలో మినహాయింపు వృద్ధులకుందిగానీ, నడిపించేవారికి లేదన్నాను."

కొడుకు తల పట్టుకున్నాడు. కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. "అత్తయ్యా, మా వాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు ముందు చెప్పండి, వాళ్ళని రివిజను చేసుకోమంటాను" అంది.

ఆ వంతు త్వరలోనే వచ్చింది. కోడలి మతం గురించి పాఠాలు మొదలైన రోజునుంచి టీచరమ్మ కాళ్ళు నేలమీద నిలవలేదు. గ్రంథాలయంనుంచి పుస్తకాలే కాదు, వాటికి వ్యాఖ్యానాలూ తెచ్చింది. చదివిన ప్రతి విషయమూ ఇంటికొచ్చి కోడలికి చెప్పేది. కోడలు మొదట్లో కళ్ళు పెద్దవి చేసుకుని వినేది. "నిజంగానా అత్తయ్యా? మాకెవరూ చెప్పలేదు" అనేది. ఆ మాట టీచరమ్మకు వేడి వేసవిలో చల్లటి నీళ్ళలా ఉండేది. ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఇంత త్వరగా దగ్గరవుతారని తాననుకోలేదని అక్కతో చెప్పింది కూడా.

చెప్పడం ఎక్కడ ఆగి దిద్దడం ఎక్కడ మొదలైందో ఆమె గమనించలేదు.

"అమ్మాయ్, కూర్చునే ముందు చేతులు మోచేతులదాకా కడుక్కోవాలట."

"అలాగా అత్తయ్యా."

"ఆ కిటికీ పడమటిది. మీవాళ్ళు తిరగాల్సింది అటు కాదు."

"ఈసారి చూస్తాను."

"రేపు మీకు ఉపవాసం. కంగారుపడకు, గర్భిణులకి మినహాయింపుంది. మూడో అధ్యాయం."

కొడుకు అన్నం కలుపుకుంటూ, "అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడక్కపోయినా దిద్దుతుంది" అన్నాడు. టీచరమ్మ నవ్వేసింది. కోడలు ఈసారి నవ్వలేదు. పళ్ళెంలోని అన్నాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.

అప్పటినుంచి ఇంట్లో ఒక నిలకడలేనితనం చేరింది. సంధ్యవేళ అత్తగారు ముందుగదిలో ఉంటే కోడలు వంటింట్లో ఏదో పని కల్పించుకునేది. అత్తగారు వంటింట్లోకి వస్తే కోడలు ముందుగదిలోకి వెళ్ళేది, గ్లాసు చేతిలోకి తీసుకునేది, అడుగుల చప్పుడు వినగానే బల్లమీద పెట్టేసేది. తలుపులు ఊరికే తెరుచుకునేవి, ఊరికే మూసుకునేవి. ఎవరి కుర్చీలో ఎవరూ స్థిరంగా కూర్చునేవారు కారు. ఒకనాడు టీచరమ్మ పొద్దున్నే కుండీకి నీళ్ళు పోయబోయి, మట్టి ఎండిపోయి ఉండడం చూసింది. కిటికీ గట్టు కూడా పొడిగానే ఉంది. కోడలికి ఒంట్లో నలతగా ఉందేమో అనుకుంది. అడగలేదు.

కోర్సు ముగింపుకు వచ్చింది. చివరి వారంలో ప్రతి విద్యార్థీ తాను దగ్గరగా చూసిన ఒక ఆచారం గురించి తరగతిలో మాట్లాడాలి, ఇంటివాళ్ళను పిలుచుకోవచ్చు. టీచరమ్మ కొడుకునూ కోడలినీ ఒప్పించి తీసుకువెళ్ళింది. కోడలు వదులైన బట్టలు వేసుకుని, భర్త చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, వెనక వరసలో కూర్చుంది. పైన పంకాలు గిరగిరా తిరుగుతున్నాయి, గాలి మాత్రం రావడంలేదు.

టీచరమ్మ బోర్డు ముందు నిలబడింది. ఎన్నో ఏళ్ళ తర్వాత సుద్దముక్క చేతికి తగిలేసరికి గొంతులోకి పాత ధాటి వచ్చేసింది. కోడలి మతంలో సాయంకాల ప్రార్థన ఎలా చేయాలో అంచెలంచెలుగా బోర్డు మీద రాసింది. పిల్లలు శ్రద్ధగా విన్నారు. ఆమె అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

"ఇప్పుడొక ఉదాహరణ. నేను దగ్గరగా గమనించిన ఒక మనిషి సంధ్యవేళ కిటికీలో గ్లాసెడు నీళ్ళు పెట్టి కూర్చుంటుంది. చేతులు కడుక్కోదు. దిక్కు చూసుకోదు. ఒక్క వాక్యం కూడా పలకదు. ఈ నీళ్ళ ప్రస్తావన కోసం గ్రంథాలన్నీ వెతికాను. ఎక్కడా లేదు. కనుక ఇది ఆ మతంలోని ప్రార్థన కాదు. తెలియక ప్రార్థన స్థానంలో వచ్చి కూర్చున్న ఒక అలవాటు మాత్రమే." ఒక్క క్షణం ఆగింది. పిల్లల ముఖాలు చూసి ఉత్సాహం ఆగలేదు. "లెక్కల టీచరుగా చెప్పాలంటే, ఇందులో స్టెప్పులేవీ లేవు. పాస్ మార్కు వెయ్యడం కూడా కష్టమే."

తరగతి గొల్లుమంది.

నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, ప్రొఫెసరు తన సహజమైన నెమ్మదితో, "చాలా శ్రద్ధగా చదివారు టీచరుగారూ. ఒక్క ప్రశ్న. ఆ నీళ్ళెందుకని ఆవిణ్ణి అడిగారా?" అన్నాడు.

"పుస్తకాల్లో లేదు కదండీ."

"అవును. అందుకే అడుగుతున్నాను."

టీచరమ్మ వెనక వరస వైపు చూసింది. కోడలి కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు రెక్క ఇంకా ఊగుతోంది. కొడుకు లేచి నిలబడి ఉన్నాడు, చిన్నప్పుడు ప్రగతి పత్రం చూపించడానికి భయపడి గుమ్మంలో నిలబడ్డట్టుగా. తేడా ఏమిటంటే, ఇప్పుడు ఆ ముఖంలో భయం లేదు.

ఆమె ఇల్లు చేరేసరికి కోడలు పడగ్గదిలో మంచంమీద సంచి తెరిచి పెట్టుకుని ఉంది. దుకాణంలో అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలో ఆ గాజుగ్లాసును చుడుతోంది.

"అమ్మాయ్, నీ పేరెక్కడా చెప్పలేదే నేను."

"పేరు చెప్పకపోతే ఏం? ఆ తరగతిలో కూర్చున్న మీ ఇంటి మనిషి, ఆడది, నేనొక్కదాన్నేగా."

"నేనన్నదాంట్లో తప్పేముంది? ఒక్కమాట తప్పుంటే చూపించు, ఒప్పుకుంటాను."

"ఒక్కటీ తప్పు లేదు. అన్నీ కరెక్టే. నా బాధ అదే." కోడలు గుడ్డకు ముడి వేసింది. ముడి జారిపోయింది. మళ్ళీ వేసింది. "నా మతం నాకన్నా మీకే బాగా తెలుసు. నిజమే. మాకు కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. మీరు చెప్తుంటే మొదట్లో ఎంత సంతోషమేసిందో. మా అమ్మమ్మ పోయాక మళ్ళీ ఒకళ్ళు నాతో ఆ మాటలు మాట్లాడుతున్నారనుకున్నాను. తర్వాత తర్వాత మీరు మాట్లాడట్లేదని తెలిసింది. నాకు పరీక్ష పెడుతున్నారు."

"పరీక్షేంటి? నీ మంచికేగా..."

"దుకాణానికొచ్చేవాళ్ళని నేనేమడుగుతానో తెలుసా? అద్దం మార్చి మార్చి, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడుగుతాను. నా దగ్గర ఎన్ని మిషన్లున్నా సరే, వాళ్ళకేం కనిపిస్తోందో వాళ్ళనే అడగాలి. అడక్కుండా అద్దం వేస్తే తల తిరిగి పడిపోతారు." ఆమె గొంతు మొదటిసారి పెరిగింది. "రేపు నా బిడ్డ ఏడిస్తే, ఏ అధ్యాయంలో ఉందో చూసుకుని ఎత్తుకోవాలా?"

టీచరమ్మ నోరు తెరిచింది. ఆమె బుద్ధి అలవాటుగా ఒక జవాబు సిద్ధం చేసింది. అది పలికేలోగా కోడలు గ్లాసును సంచిలో పెట్టి మూసేసింది.

"కాన్పయ్యేదాకా మా అన్నయ్య దగ్గరుంటాను. తర్వాత మేం వేరే ఇల్లు చూసుకుంటాం. మీరు బిడ్డని చూడ్డానికి ఎప్పుడైనా రావచ్చు." ఆ చివరి మాటలోని మర్యాద, తిట్టుకన్నా లోతుగా దిగింది.

మర్నాడు టీచరమ్మ ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. బిడ్డకోసం రంగు వేయించిన గది తలుపు తీసింది, మూసింది. పుస్తకాలు తిరిగివ్వాలని సంచిలో సర్దింది, మళ్ళీ బయటికి తీసి బల్లమీద పేర్చింది. అక్కకు ఫోను చేయబోయి అంకెలు సగం నొక్కి ఆపేసింది. మధ్యాహ్నం ఎండకు గోడలు కాలి, గదుల్లో ఎక్కడ నిలబడినా అక్కడ నిలవకూడదనిపించింది.

సాయంత్రం కొడుకు బట్టలకోసం వచ్చాడు. వస్తూనే సంచి నింపడం మొదలుపెట్టాడు.

"ఆ గ్లాసు కూడా పట్టుకుపోయింది" అంది టీచరమ్మ, తలుపుకు ఆనుకుని.

"మరి? దిద్దుకోమని నీకు వదిలేస్తుందా?"

"నువ్వు కూడా అలా అంటే నేనింకెవరితో చెప్పుకోనురా? బిడ్డకి రెండువైపులా తెలియాలనేగా ఈ వయసులో పుస్తకాలు పట్టుకున్నాను? చేసిన పాపమేంటో చెప్పు."

కొడుకు సంచి కింద పెట్టాడు. వీధితలుపు దగ్గరికి వెళ్ళి, తుప్పుపట్టిన పై గడియ మీద వేలితో తట్టాడు.

"అమ్మా, ఒక లెక్క అడుగుతాను. జవాబొద్దు, స్టెప్పులు చెప్పు చాలు. ఈ గడియ ఎందుకు వెయ్యవు?"

టీచరమ్మ తలెత్తి గడియ వైపు చూసింది.

ఆమె భర్త పత్రిక అచ్చయ్యే ముద్రణాలయంలో రాత్రిపాళీ చేసేవాడు. తెల్లవారుజామున సిరా వాసనతో వచ్చి, తన తాళంచెవితో చప్పుడు కాకుండా తలుపు తీసుకునేవాడు. పైన గడియ వేసి ఉంటే ఆయన లోపలికి రాలేడు. అందుకని ఆమె వేసేది కాదు. ఆయన పోయి ఏళ్ళు గడిచాయి. తాళంచెవి ఆమె పెట్టెలోనే ఉంది.

"అలవాటు" అంది చివరికి.

"నిన్న తన నీళ్ళని కూడా అదే అన్నావు."

అతను సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగి, "అన్నం తిను" అన్నాడు. అతనిలో కోపం అంతకన్నా దూరం వెళ్ళలేదు. ఆమెకు మాత్రం ఆ రెండు మాటలతోనే కళ్ళు నిండిపోయాయి.

చివరి పరీక్ష ఆ తర్వాతి రోజుల్లో వచ్చింది. చెక్కిన పెన్సిళ్ళతో వెళ్ళింది. ప్రశ్నలన్నీ తెలిసినవే. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ప్రార్థన అంటే ఏమిటో ఆధారాలతో నిర్వచించమన్నారు. ఆధారాలు ఆమెకు వరసగా గుర్తున్నాయి. రాయబోతే, వెలుతురు తగ్గుతున్న కిటికీ ముందు నడుం నిటారుగా పెట్టి కూర్చున్న ఒక వీపు కళ్ళముందు కనిపించింది. ఉద్యోగమంతా ఆమె పిల్లలకు చెప్పిన మాట ఒకటుంది. ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు, ఏదో ఒకటి రాయండి. ఆ ప్రశ్నను ఖాళీగా వదిలి పేపరు ఇచ్చేసింది. ప్రొఫెసరు ఆ తెల్లటి జాగాను చూశాడు, ఆమెను చూశాడు, పేపరు తీసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చెప్పులు విడవకుండానే ముందుగదిలోకి నడిచింది. కిటికీ గట్టు మీద ఆ గుండ్రటి ముద్ర. తానెన్నిసార్లు దాన్ని రుద్దించేద్దామనుకుందో గుర్తొచ్చి, వేలితో దాని చుట్టూ ఒకసారి తడిమింది.

వంటింట్లోంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చింది. వెనక్కి వెళ్ళి, గాజుది వెతికి తెచ్చింది. నిండా నీళ్ళు పోసింది. నడుస్తుంటే ఒలికాయి. కొంచెం పారబోసింది. ఇంతేనా, ఇంకా తక్కువా? ఆ ముద్ర మీద గ్లాసు పెట్టి చూసింది. అడుగు కాస్త చిన్నది, ముద్ర అంచు చుట్టూ మిగిలిపోయింది. ఇన్ని రోజులు గమనించానని తరగతిలో చెప్పిన మనిషికి, నీళ్ళు ఎంతవరకు ఉండేవో తెలియదు.

కాసేపు అటూ ఇటూ తిరిగింది. ఆ తర్వాత ఫోను తీసింది.

"హలో" అంది కోడలి గొంతు.

"నేను."

"చెప్పండి." అత్తయ్యా అన్న పిలుపు లేదు.

టీచరమ్మ దారిపొడవునా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "అమ్మాయ్... గ్లాసులో నీళ్ళు ఎంతవరకు పోయాలి?"

అటువైపు గిన్నె కింద పెట్టిన శబ్దం వినిపించింది.

"ఎందుకడుగుతున్నారు?"

"తెలియక."

ఆ మాట పలికాక టీచరమ్మకు తన గొంతే కొత్తగా వినిపించింది.

"మా అమ్మమ్మ గ్లాసుకి పైన చిన్న గాటుంది" అంది కోడలు మెల్లగా. "పెదవికి తగులుతుందని ఎవరూ దాంతో తాగేవాళ్ళు కాదు. ఆ గాటుదాకా పోసేది. అంతే. లెక్కేం లేదు."

"ఎందుకో చెప్తావా? చెప్పాలనిపించకపోతే వద్దులే."

"మా అమ్మ బట్టల మిల్లులో పగటిపాళీ చేసేది. చీకటి పడే వేళకి వచ్చేది. ఒకరోజు రాలేదు. దారిలోనే ఏదో బండి కింద... నాకెవరూ చెప్పలేదు. చిన్నపిల్లని. కిటికీ దగ్గర గంతులేస్తూ, అమ్మేది, అమ్మెప్పుడొస్తుందని అమ్మమ్మ ప్రాణం తీసేదాన్ని. అమ్మమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి గట్టుమీద పెట్టింది. మీ అమ్మ వచ్చేసరికి దాహంగా ఉంటుంది, నువ్వు గంతులేస్తే ఒలికిపోతాయి, అవి కదలకుండా అయ్యేదాకా కూర్చో అంది. కూర్చున్నాను. రోజూ కూర్చున్నాను." ఆమె ఊపిరి పీల్చుకుంది. "తర్వాత తెలిసిందిలెండి. తెలిశాక కూడా మానలేదు. అమ్మమ్మ దాన్ని ప్రార్థన అనేది. నాకు అంతకన్నా రాదత్తయ్యా."

టీచరమ్మ కిటికీ గట్టు పట్టుకుంది. ఇలాంటివి ఫలానా మతంలో కూడా ఉన్నాయని, ఫలానా గ్రంథంలో దీనికొక పేరుందని చెప్పే వాక్యం ఆమె గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. తాను నవ్వించిన తరగతి ఆమె చెవుల్లో మళ్ళీ నవ్వింది. ఒక తల్లి దాహానికి పాస్ మార్కు కష్టమని తాను అంది.

"నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదే తల్లీ" అంది. కన్నీళ్ళు గడ్డందాకా జారుతున్నా తుడుచుకోలేదు. "నీ దగ్గర ఒకటి దాచాను. వీధితలుపు పై గడియ... మీ మామయ్యగారు..."

"తెలుసు."

"వాడు చెప్పాడా?"

"ఎవరూ చెప్పలేదు. వచ్చిన కొత్తలో నేను గడియమీద చెయ్యి వేసినప్పుడు మీ మొహం చూశాను. మా కిటికీ దగ్గర మా అమ్మమ్మ మొహం అలాగే ఉండేది. అందుకే ఆ ఇంట్లో నా గ్లాసు పెట్టుకోవచ్చనుకున్నాను."

అవతల ఎవరో ఏదో అడిగారు. కోడలు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి జవాబు చెప్పింది. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు, దాని వెనకే సన్నటి నవ్వు.

"మీ అబ్బాయి ఇక్కడ మా అన్నయ్య సోఫా మీద నడుం పట్టేసి మూలుగుతున్నాడు. లిఫ్టులు బాగుచేస్తాడుగానీ వంగి చెప్పు తొడుక్కోలేకపోతున్నాడు. అన్నం తిన్నాక అన్నయ్య మమ్మల్ని దింపుతానంటున్నాడు. ఆలస్యమవుతుందేమో అత్తయ్యా. పై గడియ వెయ్యకండి."

"నేనెప్పుడు వేశానే" అంది టీచరమ్మ.

ఫోను పెట్టేసి, కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చుంది. గ్లాసులో నీళ్ళు ఇంకా కదులుతున్నాయి. వీధిలో వెళ్ళే బళ్ళవల్ల కాబోలనుకుంది. వీధి ఖాళీగా ఉంది. పంకా వల్లనేమో అనుకుని లేచి ఆపివచ్చింది. అయినా కదులుతూనే ఉన్నాయి. చాలాసేపటికి, గట్టు మీద ఆనించిన తన చెయ్యే వణుకుతోందని తెలుసుకుని, ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.